బోర్డు మీది పేరు వెనక పద్యం: పేర్లలో దాగిన సాహిత్యాన్ని పట్టుకునే పద్ధతి

రంజాన్ నెలలో పాతబస్తీలో చేతికందే రూహ్ అఫ్జా గ్లాసు, పెళ్లికూతురి బ్యాగులో లక్మే డబ్బా, జూబ్లీహిల్స్‌లో మహాప్రస్థానం గేటు, ఓటీటీలో విరాటపర్వం. రోజూ చూసే పేర్లే. ఒక్కో దాని వెనకా ఏదో ఒక కావ్యమో నాటకమో కథో ఉంది. దాన్ని వెతికి పట్టుకోవడానికి పాండిత్యం అక్కర్లేదు. ఒక క్రమం, కాస్త అనుమానం, అప్పుడప్పుడు లైబ్రరీ దాకా వెళ్లే ఓపిక ఉంటే చాలు.

మొదలుపెట్టే ముందు ఒక్క తేడా మనసులో పెట్టుకోండి. పేరు పుట్టిన చోటు ఒకటి, పెట్టినవాళ్లు దాన్ని తెచ్చుకున్న చోటు ఇంకొకటి. ఈ రెండింటి మధ్య చాలాసార్లు ఒక సినిమా పాటో, కీర్తనో, జనం నోట్లో నానిన మాటో ఉంటుంది. ఆ మధ్య మెట్టును వదిలేసి నేరుగా వ్యాసుడి దగ్గరికో పోతన దగ్గరికో దూకినప్పుడే వాట్సాప్‌లో తిరిగే కట్టుకథలు తయారవుతాయి.

కావలసిన సరంజామా తక్కువే. ఒక నోటుబుక్కు, అందులో పేరుకో పేజీ. ఫోన్లో ఆంధ్రభారతి నిఘంటు శోధన, తెలుగు వికీసోర్స్, తెలుగుభాగవతం సైటు, ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వారి పబ్లిక్ సెర్చ్. తేలిక పేరైతే అరగంటలో తేలిపోతుంది. మొండిదైతే రెండు మూడు సాయంత్రాలు తింటుంది.

1. ఉన్నదున్నట్టు దింపుకోండి

బోర్డు ఫోటో తీసుకుని పేజీ పైన అయిదు సంగతులు రాయండి: పేరు తెలుగులో ఎలా ఉంది, ఇంగ్లిష్ అక్షరాల్లో ఎలా ఉంది, మొదట ఏ ఏడాది కనిపించింది, ఏం అమ్ముతున్నారు, ఎవరు పెట్టారు. రెండు లిపులూ ఎందుకంటే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన పేరును నమ్మడానికి లేదు. సంఖ్యాశాస్త్రం పుణ్యమా అని ఒక ‘ఆర్’ ఎక్కువ, ఒక ‘ఓ’ ఎక్కువ తగిలించడం మనవాళ్లకు అలవాటే. హ్రస్వదీర్ఘాల తేడా, ట-త తేడా, ళ-ల తేడా ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి మాయమవుతాయి. వెతుకులాట ఎప్పుడూ తెలుగు లిపితోనే మొదలుపెట్టండి. ఉర్దూ పేరైతే ఉర్దూ అక్షరాలు చదవగలిగినవాళ్లతో ఒకసారి చదివించుకోవడం మేలు.

2. వాసన పట్టడం

ప్రతి పేరూ తవ్వదగ్గది కాదు. ఈ కింది గుర్తుల్లో ఒక్కటైనా ఉంటేనే ముందుకు వెళ్లండి.

పదం చివర ‘ంబు’ ఉందా? ఇవాళ ఎవరూ భోజనంబు అనరు. వివాహ భోజనంబు అన్న హోటల్ పేరు చూడగానే చెయ్యి ఆగాల్సింది అక్కడే. అయితే ఇది గ్రాంథిక కావ్యం దాకా వెళ్లదు, 1957 నాటి మాయాబజార్‌లో ఘటోత్కచుడి పాట నుంచి వచ్చింది. ఎవరినో పిలుస్తున్నట్టుందా? బ్రోచేవారెవరురా (2019), సామజవరగమన (2023) సినిమాల పేర్లు ఈ కోవలోవి. రెండూ కీర్తనల పల్లవులే. మొదటిది మైసూరు వాసుదేవాచార్యులది, రెండోది త్యాగరాజుది. పర్వం, కాండ, ఆశ్వాసం, చరిత్ర లాంటి తోక ఉందా? అమ్మే సరుకుకూ పేరుకూ పొంతన లేకుండా ఉందా? చివరి గుర్తు అన్నింటికన్నా గట్టిది. స్టార్‌బక్స్ కాఫీ కొట్టుకు తిమింగలాల వేట ఓడలోని ఉద్యోగి పేరు ఊరికే రాదు కదా.

మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు ఈ వలలో పడవు. సికింద్రాబాద్ పారడైజ్ బిర్యానీ పేరు విని మిల్టన్ కావ్యాన్ని తలచుకునేవాళ్లున్నారు. అది అక్కడి పారడైజ్ సినిమా హాలు పేరు, హోటల్ ఆ హాల్లో క్యాంటీన్‌గా మొదలైంది. కరాచీ బేకరీది ఊరి పేరు. నిర్మా పౌడర్‌ది యజమాని కూతురి పేరు. ఇలాంటివి రెండు నిమిషాల్లో కొట్టేసి ముందుకు సాగండి.

3. విడగొట్టి చూడండి

అసలు పని ఇక్కడే ఉంది. ఒక పేరును చివరిదాకా చూద్దాం: అల వైకుంఠపురములో. 2020 సంక్రాంతి సినిమా. పత్రికల్లో సగం మంది ‘అలా’ అని రాసేశారు, ‘ఆ విధంగా వైకుంఠపురంలో’ అనుకుని. అక్కడే దారి తప్పింది. ‘అల’ అని నిఘంటువులో వెతికితే కెరటం అన్న అర్థంతో పాటు ‘ఆ’, ‘అదుగో ఆ’ అనే పాత అర్థం కూడా కనిపిస్తుంది. ఇవాళ ఎవరూ వాడని అర్థం కాబట్టి ఇది పద్యంలోంచి ఊడిపడిన ముక్క అని అనుమానించాలి.

తెలుగుభాగవతం సైటులో ‘అల వైకుంఠ’ అని కొడితే ఎనిమిదో స్కంధం, గజేంద్రమోక్షం, పోతన పద్యం దొరుకుతుంది:

అల వైకుంఠపురంబులో నగరిలో నామూల సౌధంబు దా
పల మందారవనాంతరామృత సరః ప్రాంతేందు కాంతోపలో
త్పల పర్యంక రమావినోది యగు నాపన్నప్రసన్నుండు వి
హ్వల నాగేంద్రము ‘పాహి పాహి’ యనఁ గుయ్యాలించి సంరంభియై

ఇది మత్తేభం. ప్రతి పాదంలో రెండో అక్షరం ‘ల’: అల, పల, త్పల, హ్వల. ప్రాస అంటే ఇదే. పద్యంలో ఏదో ఒక పాదం మాత్రమే గుర్తున్నప్పుడు మిగతావి సరిచూసుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. మొదటి పాదంలో పద్నాలుగో అక్షరం ‘నా’. పాదం మొదటి అక్షరంతో ఇది కలవాలి, దాన్నే యతి అంటారు. మరి ‘అ’కు ‘నా’తో ఎలా కుదిరింది? అక్కడున్నది ‘నా’ కాదు. నగరిలోన్, ఆ మూల సౌధంబు. కలిసిపోయి ‘నామూల’ అయింది. దాన్ని ‘నా మూల’ అని విడగొట్టి, నా ఇంటి మూల అని అర్థం చెప్పినవాళ్లూ ఉన్నారు. యతి చూసుకుంటే ఈ పొరపాటు జరగదు.

ఇప్పుడు సినిమా పేరును ఈ పద్యం పక్కన పెట్టి చూడండి. పోతన ‘పురంబులో’ అన్నాడు, సినిమా ‘పురములో’ అంది. ‘రంబులో’ గురు లఘు గురువులు, రగణం. ‘రములో’ అయితే లఘు లఘు గురువులు, సగణం. అంటే సినిమా పేరును పద్యంలో పెడితే గణం తప్పుతుంది. ఇది తప్పని కాదు, వాడుకకు దగ్గర చేసి తెచ్చుకున్నారని అర్థం. పేజీలో ఈ తేడాను తప్పకుండా రాయండి. మూలానికీ వాడకానికీ మధ్య మారిన ఒక్క అక్షరం, పెట్టినవాళ్లు పద్యాన్ని ఎంత దగ్గర నుంచి చూశారో చెప్తుంది.

కథతో పోలిక కూడా చూడాలి. పద్యంలో దేవుడు మేడ వదిలి బయటికి పరుగెత్తడానికి సిద్ధమవుతున్నాడు. సినిమాలో వైకుంఠపురం ఒక మేడ పేరు, బయట పెరిగినవాడు అందులోకి వస్తాడు. దిశ తిరగబడింది. అదే సినిమాలో సామజవరగమన పాట ఉంది. సామజం అంటే ఏనుగు. పేరులోని పద్యం ఏనుగు మొర గురించి, పాట పల్లవి ఏనుగు నడక గురించి. కావాలని చేశారో కలిసొచ్చిందో తేల్చడానికి ఆధారం లేదు కాబట్టి పేజీలో మార్జిన్లో రాసుకోండి, లోపల రాయకండి.

4. దొరక్కపోతే ఎలా వెతకాలి

శోధన పెట్టెలో కొట్టింది దొరకలేదంటే మూలం లేదని అనుకోవద్దు. పాత పద్యం సంధుల్లో దాక్కుంటుంది. పై పద్యంలోనే ‘కుయ్యాలించి’ అని వెతికితే రాదు, ఎందుకంటే ‘యనన్’ తర్వాత ‘కు’ కాస్తా ‘గు’ అయిపోయింది. సరళాదేశం. కాబట్టి క, చ, ట, త, పలతో మొదలయ్యే మాటను గ, జ, డ, ద, బలతో కూడా వెతకండి. అచ్చుతో మొదలయ్యే మాటకు ముందు ‘న’, ‘య’ చేర్చి చూడండి: ఆపన్న దొరక్కపోతే నాపన్న. అరసున్న ఉన్న ప్రతి, లేని ప్రతి వేరువేరుగా దొరుకుతాయి. ‘ంబు’, ‘ము’, ‘మ్ము’ మూడూ ప్రయత్నించండి. అన్నింటికన్నా మంచిది, మాట మధ్యలో మూడు నాలుగు అక్షరాలు మాత్రమే కొట్టడం. సంధి ఎక్కువగా పాడుచేసేది అంచుల్నే.

ఫోన్లో తేలకపోతే అచ్చు పుస్తకం. మంచి కావ్య ప్రతుల చివర పద్యాల అకారాది సూచిక ఉంటుంది, మొదటి రెండు అక్షరాలు తెలిస్తే చాలు. కవిత్రయ భారతానికి ప్రతిపదార్థ తాత్పర్యాలతో టీటీడీ వేసిన సంపుటాలు పనికొస్తాయి. హైదరాబాద్‌లో ఇందుకు సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం (1901), అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీ (1891లో అసఫియాగా మొదలైంది), బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. ఉర్దూ మూలాలకు పంజాగుట్టలోని ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ. వెళ్లేముందు ‘ఈ పదం కావాలి’ అని కాకుండా ‘ఈ పుస్తకం, ఈ భాగం’ అని చీటీ రాసుకుని వెళ్లండి. లేకపోతే అల్మారాల మధ్యే పూట గడిచిపోతుంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పాటల పుస్తకాలు దొరికితే వదలకండి. మధ్య మెట్టు చాలాసార్లు వాటిలోనే ఉంటుంది.

5. గొలుసు కట్టండి

ఇప్పుడు మూలం నుంచి బోర్డు దాకా ఒక్కో మెట్టూ తేదీతో రాయాలి. మహాప్రస్థానం తీసుకోండి. పేరు వినగానే ఎవరైనా శ్రీశ్రీ అంటారు, 1950లో వచ్చిన పుస్తకం. కానీ జూబ్లీహిల్స్‌లో ఆ పేరున్నది శ్మశానానికి. మరో ప్రపంచం కోసం కదం తొక్కే కవితకూ చితికీ ఏం సంబంధం? గొలుసు ఇంకాస్త వెనక్కి లాగితే భారతంలో పదిహేడోది మహాప్రాస్థానిక పర్వం, పాండవులు అన్నీ వదిలి ఉత్తరానికి చేసే ఆఖరి నడక. శ్రీశ్రీ ఆ చావు నడకనే విప్లవ యాత్రగా తిప్పాడు. శ్మశానం పేరు అర్థంలో పాత పర్వానికే దగ్గర. రెండు కొమ్మలు, ఒకే మొదలు. పేజీలో గీత గీసి రెండుగా చీల్చి చూపించండి. ఒకే వరసలో రాస్తే శ్మశానానికి శ్రీశ్రీ పేరు పెట్టారన్న తప్పు అర్థం వస్తుంది.

విరాటపర్వం (2022) ఇంకా బాగుంటుంది. 1990ల తెలంగాణ నక్సలైట్ల కథకు భారతంలో నాలుగో పర్వం పేరెందుకు? ఆ పర్వంలో పాండవులది అజ్ఞాతవాసం. పత్రికల్లో ‘అజ్ఞాతంలోకి వెళ్లాడు’ అని ఎవరి గురించి రాస్తారో తెలిసిందే. వాడుక మాటే ఇక్కడ మధ్య మెట్టు. సినిమాలో దళ నాయకుడి కలంపేరు అరణ్య. భారతంలో విరాటపర్వానికి ముందున్నది అరణ్యపర్వమే. నన్నయ దాన్ని సగంలో వదిలేశాడు, ఎర్రన తర్వాత పూరించాడు. తిక్కన మొదలుపెట్టింది విరాటపర్వంతో. అడవి అన్న మామూలు అర్థంలో కూడా ఆ కలంపేరు సరిపోతుంది కాబట్టి, దీన్ని గట్టి ఆధారంగా కాక బలమైన పోలికగా రాయాలి.

గొలుసు కట్టేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు, పౌరాణిక పాత్ర పక్కన కనిపించిన ప్రతి పేరునూ పురాణంలో వెతకడం. మాయాబజార్ శశిరేఖను వ్యాసభారతంలో ఎన్నాళ్లు వెతికినా దొరకదు. అందులో అభిమన్యుడి భార్య ఉత్తర. శశిరేఖా పరిణయం తర్వాతి కాలం కల్పన, నాటకాల మీదుగా సినిమాకు వచ్చింది.

కథ మొత్తం ఎత్తుకొచ్చి పేరు మాత్రం మార్చినవి ఈ పద్ధతికి దొరకవు. 2008 నాటి అష్టా చమ్మా పేరును ఎంత విడగొట్టినా ఆస్కార్ వైల్డ్ కనపడడు. మహేష్ అన్న పేరున్నవాణ్నే పెళ్లాడతానని పట్టుబట్టే అమ్మాయిని చూస్తేనే, ఎర్నెస్ట్ అన్న పేరు మీద మనసుపడ్డ 1895 నాటి నాటకంలోని అమ్మాయి గుర్తొస్తుంది. ఇలాంటప్పుడు పేరు వదిలేసి పాత్రల మొండిపట్టులను పోల్చండి.

6. పెట్టినవాళ్ల ఉద్దేశం

మూలం దొరికింది, గొలుసు కుదిరింది. అంతమాత్రాన పేరు పెట్టినవాళ్లకు ఆ సంగతి తెలుసని కాదు. ఇక్కడ మూడు తరగతులు పెట్టుకోండి: పక్కా, సరిపోతుంది, ఊహ.

పక్కా అంటే పెట్టినవాళ్లే చెప్పి ఉండాలి. స్టార్‌బక్స్ అలాంటిది. 1971లో సియాటిల్‌లో మొదలుపెట్టినవాళ్లు ముందు మెల్విల్ నవల మోబీ డిక్ (1851) లోని ఓడ పేరు పీక్వాడ్ అనుకున్నారు. తర్వాత ‘స్ట’తో మొదలయ్యే పేర్లు వెతుకుతూ పాత గనుల పటంలో స్టార్బో అన్న ఊరు చూశారు. దాంతో అదే ఓడలో కెప్టెన్ తర్వాతి అధికారి స్టార్‌బక్ గుర్తొచ్చాడు. చూశారా, ఇక్కడ కూడా మధ్యలో ఒక పటం ఉంది. నవలలో ఆయనకు కాఫీ పిచ్చి ఉందన్న ప్రచారం మాత్రం ఒట్టి మాట.

లక్మే కూడా పక్కాయే. టాటాలు 1952లో మొదలుపెట్టిన కంపెనీ. పేరు లియో దెలీబ్ 1883లో పారిస్‌లో ఆడించిన ఓపెరాది. లక్మే అంటే ఫ్రెంచి నోట్లో పడిన లక్ష్మి. ఫ్రాన్స్‌కు వెళ్లి వేషం మార్చుకుని తిరిగి మన ఇంటికే వచ్చిందన్నమాట. ఓపెరాలో ఆమె బ్రిటిష్ కాలపు పూజారి కూతురు, చివర్లో ఉమ్మెత్త ఆకు నమిలి చనిపోతుంది. సౌందర్య సాధనాల కంపెనీ ఆ చివరి అంకం దాకా ఆలోచించిందా అన్నది వేరే సంగతి.

రూహ్ అఫ్జా ‘సరిపోతుంది’ తరగతి. 1906లో ఢిల్లీలో మొదలైన హమ్‌దర్ద్ దవాఖానా షర్బత్తు అది. మాటకు అర్థం ప్రాణానికి ఉల్లాసమిచ్చేది అని. అది మందుల కొట్టు షర్బత్తుకు ఎలాగూ నప్పుతుంది. అయితే పండిత్ దయాశంకర్ నసీమ్ 19వ శతాబ్దంలో రాసిన ఉర్దూ మస్నవీ (కథాకావ్యం) గుల్జార్-ఎ-నసీమ్‌లో రూహ్ అఫ్జా ఒక పరీల రాకుమారి, పేరు అక్కడి నుంచే వచ్చిందని చెప్తారు. ఆ మస్నవీ గుల్-ఎ-బకావలీ కథకు పద్యరూపం. అంటే ఎన్టీఆర్ గులేబకావళి కథ (1962) చూసినవాళ్లకు ఆ కథాలోకం తెలిసిందే. షర్బత్తు సీసాకు దానితో చుట్టరికం ఉండొచ్చని మాత్రం తట్టదు. అర్థంతోనే పేరు పూర్తిగా నప్పుతున్నప్పుడు, పుస్తకం ఉన్నా సరే, ‘పక్కా’ అని రాయకండి.

ట్రేడ్‌మార్క్ పబ్లిక్ సెర్చ్ ఈ దశలో కొంత పనికొస్తుంది. వర్డ్‌మార్క్ ఎంచుకుని, తరగతి సంఖ్య ఇచ్చి వెతకాలి: సౌందర్య సాధనాలకు 3, కాఫీ టీలకు 30, షర్బత్తులకు 32, హోటళ్లకు 43. దరఖాస్తు తేదీ, ఎప్పటి నుంచి వాడుతున్నదీ దొరుకుతాయి. పేరు ఎందుకు పెట్టారో అందులో ఉండదు. తరగతి తప్పు ఇస్తే అదే పేరున్న ఇంకెవరి కంపెనీనో పట్టుకుని గొలుసు కట్టేస్తారు. ఈ పని చేసేవాళ్లు తరచూ బోల్తా కొట్టేది ఇక్కడే.

7. అర్థం ఎక్కడ జారిందో రాయండి

పేరు నిలిచి అర్థం జారిపోవడం మామూలే. ఆడవాళ్ల వంక చూడని వాణ్ని ‘ప్రవరాఖ్యుడు’ అంటాం, 2009లో ఆ పేరుతో సినిమా కూడా వచ్చింది. మనుచరిత్రలో పెద్దన పెట్టిన పేరు ప్రవరుడు. ‘ప్రవరాఖ్యుఁడు’ అంటే ప్రవర అనే పేరు గలవాడు అని. వర్ణనలోని ‘అనే పేరు గల’ ముక్క పేరుకే అతుక్కుపోయింది. సామజవరగమన కూడా అంతే: త్యాగరాజు పిలిచింది మురళి వాయించే స్వామిని, సినిమా పాటలో హీరో పిలిచేది హీరోయిన్‌ని. నడక ఒకటే, నడిచేవాళ్లు మారారు.

రోబో (2010) సినిమా పేరులోని మాట తెలంగాణలో చదివితే ఇంకో రకంగా తగులుతుంది. కారెల్ చాపెక్ 1920లో రాసిన చెక్ నాటకంలో ఈ పదం పుట్టింది. సూచించింది ఆయన అన్న యోసెఫ్. చెక్ భాషలో ‘రోబొతా’ అంటే దొర పొలంలో కూలి లేకుండా చేయాల్సిన పని. దానికి మన దగ్గర అనువాదం వెతుక్కోనక్కర్లేదు: వెట్టి.

8. పేజీ మూసేయడం

చివరికి పేజీ ఎలా ఉండాలో ఒక నమూనా. కావాలనే సాహిత్యం కానిదాన్ని తీసుకున్నాం, ఎందుకంటే కొట్టేసిన పేర్లకు కూడా పేజీ ఉండాలి. లేకపోతే ఆరు నెలల తర్వాత అదే పేరును మళ్లీ తవ్వుతారు.

పేరు: నీలోఫర్. చోటు: రెడ్‌హిల్స్‌లో కేఫ్. సరుకు: చాయ్, ఉస్మానియా బిస్కెట్.
గొలుసు: కేఫ్; దాని దగ్గర్లోని నీలోఫర్ ఆస్పత్రి; ఏడో నిజాం కోడలు ప్రిన్సెస్ నీలోఫర్; ఫారసీలో నీలూఫర్, కలువ; సంస్కృతంలో నీలోత్పలం.
సాహిత్య ప్రస్తావన: లేదు, మనిషి పేరు.
మార్జిన్లో: ‘ఉత్పలం’ కోసం గజేంద్రమోక్షం పేజీ చూడు. రెండో పాదం చివర తెగి, మూడో పాదం మొదట్లో ‘త్పల’.